ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఆడపిల్లలు: సీటు సరే, స్టార్టర్ ఎవరి చేతిలో?

ఏటా ఎంట్రన్సు ఫలితాలు రాగానే అమ్మాయిలదే పైచేయి అని పత్రికలు పెద్దక్షరాల్లో రాస్తాయి. కౌన్సెలింగ్ అయ్యాక ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇంతమంది ఆడపిల్లలకు సీట్లొచ్చాయని ఇంకో వార్త వస్తుంది. మన సంఘాల్లో కూడా ఈ అంకెలు చూసి సంతోషిస్తాం, సంతోషించాలి కూడా. దేశం మొత్తం మీద ఇంజనీరింగ్ డిగ్రీ చదువుతున్నవారిలో స్త్రీలు సుమారు 29 శాతమని కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే 2019-20లో లెక్క చెప్పింది. మా తరంలో ఇది ఊహకు అందని అంకె. అయితే సీట్లు లెక్కపెట్టడంతో మన పని అయిపోయిందనుకుంటున్నామా అన్నది నా సందేహం. ఆ చదువులోకి ఏ దారిన వెళ్లాలి, లోపల ఏం నేర్పుతారు, ఎలా నేర్పుతారు, బయటికొచ్చాక ఆ పట్టా ఏ గుమ్మం దాకా తీసుకెళ్తుంది అన్న ప్రశ్నలను మనం "టెక్నికల్ విషయాలు" అని ఇంజనీర్లకు వదిలేశాం. అవి సాంకేతిక విషయాల వేషంలో ఉన్న హక్కుల విషయాలని నా అభిప్రాయం.

ఉదాహరణకు ఒక్క ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌నే తీసుకుంటాను. కంప్యూటర్ల చదువులా ఇది గదికి పరిమితమైంది కాదు. కరెంటు ప్రతి వీధిలోనూ, ప్రతి పొలంలోనూ ఉంటుంది. పదో తరగతి పాసై ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివే పిల్ల నుంచి ఐఐటీలో చదివే పిల్ల దాకా ఇదంతా ఒకే నిచ్చెన. స్తంభం ఎక్కే లైన్‌మన్ నుంచి చీఫ్ ఇంజనీర్ వరకూ ప్రభుత్వ విద్యుత్ సంస్థల్లో ఉద్యోగాలున్న శాఖ. స్త్రీ పురుషుల మధ్య శ్రమ విభజన ఎలా తయారవుతుందో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు.

ముందు ప్రవేశం సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీటెక్ ఎలక్ట్రికల్‌లో చేరాలంటే ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, అంటే ఎంపీసీ, చదివి ఉండాలి. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడు వర్గాలవారికి 40 శాతం మార్కులు రావాలి. ఆపైన ఈఏపీసెట్ ర్యాంకు. రెండో దారి పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, అక్కడి నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా ప్రవేశం. ఈ నిబంధనల్లో ఆడా మగా తేడా ఎక్కడా కనిపించదు. పైగా ప్రతి కోర్సులో, ప్రతి సామాజిక వర్గంలో 33 1/3 శాతం సీట్లు స్త్రీలకు కేటాయించాలన్న నియమం మనకుంది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

కానీ అర్హత మొదలయ్యేది ఎంట్రన్సు రోజున కాదు. పదో తరగతి పరీక్షలైన ఎండాకాలంలో, పదిహేనేళ్ల వయసులో, ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని ఏ గ్రూపు అని తేల్చే రోజున మొదలవుతుంది. ఎంపీసీ తీసుకోని పిల్లకు ఆ తలుపు ఆరోజే మూసుకుపోతుంది. అది మూసుకుపోయిందని ఆ పిల్లకు చెప్పేవాళ్లు కూడా ఉండరు. దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంటే "పోనీ సీఈసీలో చేరమ్మా" అంటారు. పట్నంలో కార్పొరేటు కాలేజీ హాస్టల్లో పెట్టి చదివించే స్తోమత ఒక్కరికే ఉంటే ఆ ఒక్కరు ఎవరో మనకు తెలియనిది కాదు. ర్యాంకు సరిగ్గా రాకపోతే కొడుకును లాంగ్‌టర్మ్ కోచింగుకు పంపుతారు. కూతురికైతే వచ్చిన సీటే గతి, లేకపోతే పెళ్లి. "మెరిట్" అని మనం పిలిచే ర్యాంకులో ఈ నిర్ణయాలన్నీ కలిసి ఉన్నాయి.

ఇక్కడే ఒక నిబంధన మార్పు గురించి చెప్పాలి. మన సంఘాల్లో దాని మీద తగినంత చర్చ జరగలేదని నా బాధ. చాలా ఏళ్లపాటు ఎంట్రన్సు ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. కోవిడ్ కాలంలో దాన్ని పక్కన పెట్టారు. తెలంగాణలో 2023లో శాశ్వతంగా తీసేశారు. బోర్డుల మధ్య మార్కుల తేడాలున్నాయి, కొన్ని కాలేజీలు ప్రాక్టికల్ మార్కులు ఇష్టమొచ్చినట్టు వేయించుకుంటాయి అన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే ఇంటర్ ఫలితాల్లో ఏటా ఆడపిల్లల ఉత్తీర్ణత మగపిల్లల కంటే ఎక్కువ. రెండేళ్లు రోజూ కాలేజీకి వెళ్లి, ఇంటి పని చేస్తూ, నిలకడగా చదివిన దానికి ఆ 25 శాతం ఒక గుర్తింపు. అది పోయాక మిగిలింది మూడు గంటల్లో 160 ప్రశ్నల పరుగు పందెం. ఆ పందేనికి తర్ఫీదు డబ్బు పెట్టి కొనుక్కోవాలి. నిబంధన అందరికీ సమానమే, దెబ్బ మాత్రం సమానంగా తగలదు. ఈ మార్పు వల్ల ఏ శాఖలో, ఏ వర్గంలో ఆడపిల్లల సీట్లు ఎంత మారాయో ప్రభుత్వం ఏటా శాఖలవారీగా ప్రకటించాలని మనం అడగాలి. కౌన్సెలింగ్ అంతా కంప్యూటర్ మీదే జరుగుతుంది కనుక లెక్క తీయడం కష్టమేమీ కాదు.

ఐఐటీల అనుభవం చూడండి. 2016లో అక్కడ చేరినవారిలో ఆడపిల్లలు సుమారు 8 శాతమే. దాంతో 2018 నుంచి వారికోసం అదనపు సీట్లు సృష్టించారు. మొదటి ఏడాది లక్ష్యం 14 శాతం, మరుసటి ఏడాది 17, 2020కి 20 శాతం. ఒక్క మగపిల్లవాడి సీటు కూడా తగ్గించలేదు. అయినా ప్రమాణాలు పడిపోతాయన్న గోల ఆగలేదు. కోట్ల రూపాయల కోచింగు వ్యాపారం ప్రమాణాలను ఏం చేసిందో అడగనివాళ్లు ఆడపిల్లలకు అదనంగా కుర్చీ వేస్తే మాత్రం ప్రమాణాల గురించి బెంగపడతారు.

ఈ దేశంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పొందిన మొట్టమొదటి స్త్రీ మన తెలుగావిడే అన్న సంగతి ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. అయ్యలసోమయాజుల లలిత 1919లో పుట్టారు. 15 ఏళ్లకు పెళ్లి, 18 ఏళ్లకు వైధవ్యం, ఒళ్లో నాలుగు నెలల కూతురు. ఆ కాలపు బ్రాహ్మణ కుటుంబంలో విధవరాలి జీవితం ఎలా ఉండేదో వివరించనక్కర్లేదు. ఆమె మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి 1943లో ఎలక్ట్రికల్‌లో పట్టా పుచ్చుకున్నారు. అదే సమయంలో పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ అక్కడే సివిల్ చదివారు. పట్టా కాగితం మీద "అతడు" అని అచ్చయి ఉంటే దాన్ని కొట్టేసి చేత్తో "ఆమె" అని దిద్ది ఇచ్చారట. తర్వాత ఆమె కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ పరికరాల కంపెనీలో చాలాకాలం పనిచేశారు. ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల రూపకల్పన చేశారు. భాక్రా నంగల్ పనిలోనూ ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు.

ఈ కథను స్ఫూర్తి కోసం చెప్పుకుంటాం. సమాజశాస్త్రం చదివినదాన్ని గనక నాకు ఇందులో మరో విషయం కూడా కనిపిస్తుంది. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. కూతురి కోసం ప్రిన్సిపాల్‌తో మాట్లాడగలిగిన మనిషి. ఉద్యోగాలు చేసిన ఊళ్లలో ఆమెకు సోదరుల ఇళ్లు ఉన్నాయి, బిడ్డను చూసుకునే మనుషులున్నారు. అంటే లలిత ప్రతిభ ఎంత నిజమో, ఆ ప్రతిభ వెనక నిలబడ్డ కులం, కుటుంబం, కాలేజీ పరిచయాలూ అంత నిజం. అలాంటి తండ్రి లేని పిల్లకు ఆ తండ్రి చేసిన పని ఎవరు చేయాలి? ప్రభుత్వం చేయాలి, కాలేజీ చేయాలి. రిజర్వేషన్, హాస్టలు, ఫీజు రీయింబర్స్‌మెంటు అన్నవి ఆ తండ్రి పాత్రలో ఉన్న సంస్థలు. వాటిని దయాధర్మంగా మాట్లాడేవాళ్లకు ఈ మాట చెప్పాలి.

ఇక లోపలి సంగతి. మన చర్చల్లోకి అసలు రానిది ఇదే. డిగ్రీ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. సాంకేతిక విద్యామండలి 2018 మాదిరి పాఠ్యప్రణాళికలో మొత్తం 160 క్రెడిట్లు. మొదటి ఏడాది గణితం, భౌతికశాస్త్రం, డ్రాయింగు, వర్క్‌షాపు. రెండు, మూడు సంవత్సరాల్లో సర్క్యూట్లు, విద్యుదయస్కాంత క్షేత్రాలు, ఎలక్ట్రికల్ మెషీన్లు, పవర్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్. చివర ఎలక్టివ్‌లు, ప్రాజెక్టు. ఇందులో ఒక చిన్న సూత్రం ఉంది. వారానికి ఒక గంట పాఠం వింటే ఒక క్రెడిట్, ఒక గంట ల్యాబులో పనిచేస్తే అర క్రెడిట్. చేతి పని విలువ నోటి మాటలో సగమని చదువే చెబుతోంది. చేతిపనిని తక్కువ చేసిన కులవ్యవస్థ ఇంజనీరింగ్ కాలేజీ గేటు బయట ఆగిపోలేదన్నమాట. ఈ చిన్నచూపు ఫలితం ఆడపిల్లల మీద ఇంకోలా పడుతుంది.

ఎలాగో చూద్దాం. మెషీన్స్ ల్యాబులో డీసీ షంటు మోటారు వేగాన్ని నియంత్రించే ప్రయోగం ఉంటుంది. పిల్లలు నలుగురైదుగురు చొప్పున ఒక బ్యాచి. స్విచ్చి వేసే ముందు ఫీల్డు రియోస్టాటు కనిష్ఠంలో, ఆర్మేచరు రియోస్టాటు గరిష్ఠంలో ఉన్నాయా అని చూసుకోవాలి. స్టార్టరు పిడిని ఒక్కో మెట్టు మీదుగా నెమ్మదిగా జరపాలి. ఫీల్డు తీగ ఊడితే మోటారు వేగం ప్రమాదకరంగా పెరిగిపోతుంది. ఇదంతా చేత్తో, చెవితో, కొంచెం భయంతో నేర్చుకునే విద్య. నేను మాట్లాడిన విద్యార్థినులు, లెక్చరర్లు దాదాపు ఒకే దృశ్యం వర్ణించారు. తీగలు కలిపేది మగపిల్లలు, స్టార్టరు పట్టేది మగపిల్లలు, షాఫ్టుకు టాకోమీటరు ఆనించేది మగపిల్లలు. ఆడపిల్లలు పక్కన నిలబడి మీటరు రీడింగులు రాస్తారు, గ్రాఫు గీస్తారు, తర్వాత బ్యాచి మొత్తానికీ రికార్డు అందంగా రాసిపెడతారు. ఎవరూ బలవంతం చేయలేదు. "వాళ్లకు అలవాటు కదా మేడం, త్వరగా అయిపోతుంది" అంది ఒకమ్మాయి.

అవును, వాళ్లకు అలవాటే. ఇంట్లో ఫ్యూజు పోతే స్టూలెక్కింది వాళ్లు. పొలంలో మోటారు దగ్గరికి నాన్న వెంట వెళ్లింది వాళ్లు. (రాత్రిపూట కరెంటిచ్చిన రోజుల్లో మోటారు వేయడానికి చీకట్లో పొలానికెళ్లిన ఆడవాళ్లు తక్కువేం కాదు. దాన్ని మాత్రం ఎవరూ సాంకేతిక అనుభవంగా లెక్కపెట్టలేదు.) ఈ అలవాటు ఉంటుందని డిగ్రీ ముందే అనుకుంటుంది. స్క్రూడ్రైవరు పట్టుకోవడం సిలబస్‌లో ఒక అంశం కాదు. ఇంట్లో నేర్చుకుని వచ్చినవాడికి కాలేజీ ఇంకొంచెం నేర్పుతుంది, నేర్చుకోకుండా వచ్చినామెకు నీటుగా రాసినందుకు మార్కులిస్తుంది. ఆ మార్కులతోనే ఆమె క్లాసు ఫస్టు వస్తుంది కూడా. అందుకే ఈ నష్టం మార్కుల జాబితాలో కనిపించదు. నాలుగేళ్ల తర్వాత "అమ్మాయిలు థియరీలో దిట్టలే గానీ ఫీల్డుకు పనికిరారు" అనే మాట పుట్టేది ఇక్కడే. ఆ మాట అనేవాళ్లకు రుజువును తయారుచేసి ఇచ్చింది కాలేజీయే.

మొదటి ఏడాది వర్క్‌షాపు దీనికి విరుగుడు కావాల్సింది. ఫిట్టింగు, వడ్రంగం, తగరపు పని, హౌస్ వైరింగు వంటివి అక్కడ అందరూ చేయాలి. మెట్ల దీపం వైరింగు, అంటే కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చితో ఒకే బల్బు వెలిగించడం, తన చేత్తో చేసిన రోజు కలిగిన ధైర్యం గురించి కొందరు చాలా సంతోషంగా చెప్పారు. అయితే వర్క్‌షాపు కొద్ది వారాల్లో అయిపోతుంది. చాలాచోట్ల ఆడపిల్లల మొద్దు పనిని అటెండరే "నేను చేసిపెడతాలేమ్మా" అని చేసేస్తాడు. ఆయనది మంచి మనసే. ఆ మంచితనం వల్లే ఆమె చేతికి ఆకురాయి అందదు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి ప్రయోగంలోనూ కనెక్షన్లు ఇచ్చేవారు, స్టార్టరు పట్టేవారు, రీడింగులు రాసేవారు వంతులవారీగా మారాలని ల్యాబు మాన్యువల్‌లోనే రాయవచ్చు. రికార్డుకు కాక, ఎగ్జామినరు ముందు ఒంటరిగా సర్క్యూట్ కలిపి చూపినదానికి ఎక్కువ మార్కులు పెట్టవచ్చు. చున్నీ, వదులు బట్టలు తిరిగే షాఫ్టు దగ్గర నిజంగా ప్రమాదం. దానికి పరిష్కారం ఆడపిల్లను దూరంగా నిలబెట్టడం కాదు, అందరికీ ఒకే రకం ల్యాబు కోటు, బూట్లు.

ఇంటర్న్‌షిప్పుల దగ్గర ఈ వ్యవహారం మరింత బాహాటమవుతుంది. మగపిల్లలు థర్మల్ స్టేషనుకో సబ్‌స్టేషనుకో వెళ్లి వారాల తరబడి ఉంటారు. ఆడపిల్లలను బస్సులో తీసుకెళ్లి సాయంత్రానికి తెచ్చేస్తారు, మిగతా శిక్షణ ఆన్‌లైన్లో. తల్లిదండ్రులు ఒప్పుకోరని కాలేజీ అంటుంది. అక్కడ స్త్రీలకు మరుగుదొడ్డి ఉందా, ఉండేందుకు చోటుందా, లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉందా అని తల్లిదండ్రులు అడిగితే కాలేజీ దగ్గర జవాబుండదు. 2013 చట్టం పనిచోట్ల మాటే కాదు, శిక్షణ కోసం వచ్చినవారి మాట కూడా చెబుతుంది.

ఇలా చదివి బయటికొచ్చిన పిల్ల సాఫ్ట్‌వేరులోకి వెళ్తే ఆశ్చర్యమేముంది? ఇప్పుడు చాలామంది ఆ మలుపు కూడా లేకుండా మొదటే కంప్యూటర్ సైన్సు తీసుకుంటున్నారు. కాలేజీలు ఎలక్ట్రికల్, సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకుంటున్నాయి. నా మిత్రురాళ్లే కొందరు "మంచి జీతం, ఏసీ గది, భద్రత. మనం పిల్లల్ని స్తంభాలెక్కమని ఎందుకు బలవంతపెట్టాలి?" అని అడుగుతారు. ఎవరినీ ఏమీ బలవంతపెట్టనక్కర్లేదు. కానీ ఒక ఉద్యోగం "ఆడపిల్లలకు అనువైనది" అని ముద్ర పడిందంటే మిగతావన్నీ అనువైనవి కావని ఒప్పుకున్నట్టే. సాఫ్ట్‌వేరు సంస్థలు కూలదోసిన రోజున వెనక్కి రావడానికి ఆమె చేతిలో వేరే విద్య ఉండదు. ఇంకొక సంగతి, ఏసీ గది దాకా రాగలిగేది ఇంగ్లీషు, కోచింగు, పట్నం ఉన్నవాళ్లు. ఊళ్లో ఐటీఐ చదివిన పిల్లకు దొరకగలిగే ప్రభుత్వోద్యోగం లైన్‌మన్ పనే.

ఆ ఉద్యోగం సంగతి చూడండి. 2019లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ప్రకటన ఇస్తూ స్త్రీలు అర్హులు కారంది. కారణం స్తంభం ఎక్కాలి కాబట్టి. అంటే ఐటీఐలో అదే ట్రేడులో ప్రవేశం ఇచ్చిన ప్రభుత్వమే ఆ ట్రేడు ఉద్యోగంలో ప్రవేశం లేదంది. కొందరు యువతులు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు చెప్పాక 2020 డిసెంబరులో పరీక్ష పెడితే ఇద్దరు స్తంభం ఎక్కి చూపించారు. 2021లో వారిలో ఒకరు రాష్ట్రంలో తొలి లైన్‌వుమన్‌గా విధుల్లో చేరారు. సైన్యంలో, పోలీసుల్లో, బ్యాంకుల్లో స్త్రీలు వచ్చి ఎన్నో ఏళ్లయినా ఇక్కడ గడప దాటడానికి 2021 దాకా, కోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ఆ ఇద్దరూ ఎక్కగలరా లేదా అని ప్రకటన రాసిన అధికారి ఒక్కసారైనా పరీక్షించలేదు. ఎక్కలేరని ముందే తెలుసు ఆయనకు.

రాత్రి డ్యూటీ మాట కూడా ఇలాంటిదే. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా స్త్రీలతో ఫ్యాక్టరీల్లో పనిచేయించకూడదంది. రక్షణ పేరుతో వచ్చిన ఈ నియమం షిఫ్టు ఇంజనీరు ఉద్యోగాల దగ్గర అడ్డుగోడ అయింది. 2000లో మద్రాసు హైకోర్టు ఇది వివక్ష అని కొట్టేసింది. అయితే చట్టం పోయినంత మాత్రాన రాత్రి ఇంటికి చేర్చే బండి రాదు, బిడ్డను చూసుకునే క్రెష్ రాదు. నిషేధం తీసేసి ఏర్పాట్లు చేయకపోతే "అవకాశమిచ్చాం, వాళ్లే రాలేదు" అనుకోవడానికి యాజమాన్యాలకు సులువవుతుంది.

జిల్లాల్లో పనిచేస్తున్న మిత్రులు ఈ మూడు నెలల్లో ఒక పని చేయగలరా? మీ మండలంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీ గ్రూపు నడుస్తోందా, దానికి లెక్కల లెక్చరరు ఉన్నారా చూడండి. దగ్గర్లోని ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఆడపిల్లలెందరో, వాళ్లకు గదీ మరుగుదొడ్డీ ఉన్నాయో లేవో కనుక్కోండి. ఇంజనీరింగ్ కాలేజీ ఉంటే ఒక మధ్యాహ్నం అనుమతి తీసుకుని మెషీన్స్ ల్యాబుకు వెళ్లండి. ఎవరూ చెప్పనక్కర్లేదు, స్టార్టరు పిడి మీద ఎవరి చేయి ఉందో, పెన్ను ఎవరి చేతిలో ఉందో కళ్లతోనే కనిపిస్తుంది. చూసింది రాసి పంపండి. విద్యుత్ సంస్థలు ఈసారి నియామక ప్రకటన విడుదల చేసేలోపు అవన్నీ కలిపి ఇంధన శాఖకూ సాంకేతిక విద్యా శాఖకూ ఒకే వినతిపత్రంగా ఇద్దాం.